హాన్సర్డ్ స్వర్ణ

అరకు నుంచి పాడేరు పోయే రోడ్డు వదిలి నాలుగు కిలోమీటర్లు కొండెక్కితే దొండ్రపుట్టు వస్తుంది. అరవై గడపల ఊరు. ఆ ఊరి గ్రామసభకి కిల్లో స్వర్ణ కార్యదర్శి కావడం ఆమె కోరి తెచ్చుకున్న పని కాదు. పదో తరగతి పాసైనవాళ్ళు చేతులెత్తండి అన్నప్పుడు లేచిన చేతులు రెండే. ఒకటి ఆమెది, రెండోది ఆమె భర్త ధర్మది. ధర్మ షేర్ జీపు నడుపుతాడు, పగటిపూట ఊళ్ళో దొరకడు. అలా కలం ఆమె చేతికొచ్చింది.

మొదటి సభలో ఊట నీళ్ళ పైపు ఎవరి పొలం మీదుగా వెయ్యాలని రెండు గంటలు గొడవ జరిగింది. సోంబరు తాత కర్ర నేలకేసి కొట్టాడు. ఇద్దరు ఆడవాళ్ళు ఏడ్చారు. అంతా అయ్యాక సర్కారు తరఫున వచ్చే పంచాయతీ కార్యదర్శి జగదీష్ తన తీర్మానాల పుస్తకంలో రాసింది ఒక్కటే వాక్యం: "పై విషయమును కూలంకషముగా చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించడమైనది." అది చదివి, వరసగా వేలిముద్రలు వేయించుకుని, బండెక్కి వెళ్ళిపోయాడు. జగదీష్ అన్ని ఊళ్ళకీ అదే వాక్యం రాస్తాడు. స్వర్ణని మాత్రం ఆ రోజంతా ఒకటే ప్రశ్న తొలిచింది. మరి సోంబరు తాత అన్న మాటలన్నీ ఏమైపోయాయి?

తర్వాతి సభ నుంచి ఆమె వేరే పుస్తకం పెట్టింది. ఎవరు లేచారు, ఏమన్నారు, ఎవరు అడ్డుపడ్డారు, అన్నీ అందులో రాసేది. ఊళ్ళో మాట్లాడేది ఆదివాసీ ఒడియా, ఆమె రాసేది తెలుగు. అందుకని సభలో పాత క్యాలెండరు కాగితాల వెనక గబగబా గిలికేసి, మర్నాడు వంట కాగానే నోట్‌బుక్‌లోకి శుభ్రంగా ఎక్కించేది. ఊళ్ళోవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత అలవాటుపడ్డారు. పైపు గొడవ మళ్ళీ లేచినప్పుడు, "పుస్తకం తియ్యి, అప్పుడు ఆడేటన్నాడో సదువు" అని వాళ్ళే అడిగారు. చదివింది. అన్నవాడు తల వంచుకున్నాడు. గొడవ అక్కడితో ఆగింది.

ఒక శుక్రవారం అరకు సంతలో మిరియాలు అమ్మేసి, పుస్తకంలో కొన్ని పేజీలు జిరాక్స్ తీయించడానికి షాపుకి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. పక్కన నిలబడ్డ పెద్దాయన ఒకరు బల్ల మీద పరిచి ఉన్న పేజీని తలవంచి చదవడం మొదలుపెట్టాడు. చదివి, పేజీ తిప్పి, మళ్ళీ చదివాడు.

"ఇది ఎవరు రాశారమ్మా?"

"నానే సార్. మా గ్రామసభది."

"ఇక్కడ 'సోంబరు తాత దగ్గేడు, నీళ్ళు తాగేడు' అని రాశావు."

"దగ్గేడు సార్. నీళ్ళూ తాగేడు."

ఆయన నవ్వాడు కాని అందులో వెక్కిరింత లేదు. పేరు లక్ష్మీప్రసాద్, బొబ్బిలి వైపు మనిషి. ముప్పై ఒక్కేళ్ళు శాసనసభలో షార్ట్‌హ్యాండ్ రిపోర్టరుగా చేసి రిటైరయ్యాడు. సభ్యులు నోరు తెరిచింది మొదలు మూసేదాకా ప్రతి మాటా కాగితం మీదికి ఎక్కించడమే ఆయన ఉద్యోగం. ఇప్పుడు అరకు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే కూతురు బిందుమాధవి దగ్గర ఉంటున్నాడు.

"నువ్వు రాసినదాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలుసా? హాన్సర్డ్ అంటారు."

"అంటే ఏటి సార్?"

"అదొక మనిషి ఇంటిపేరు."

కరెంటు వచ్చేదాకా ఆ కథంతా చెప్పాడు. రెండు వందల ఏళ్ళ కిందట లండన్‌లో హాన్సర్డ్ అని ఒక అచ్చాఫీసు ఆసామి ఉండేవాడు. ఆయన తండ్రిదీ అదే పని. పార్లమెంటులో ఎవరేం మాట్లాడారో పుస్తకాలుగా వెయ్యడం వేరొకాయన మొదలుపెడితే, వాటిని అచ్చేసే ఈ హాన్సర్డ్ తర్వాత ఆ పని కొనుక్కుని తన పేరుతో నడిపాడు. జనం ఆ పుస్తకాలనే హాన్సర్డ్ అనసాగారు. కొన్నాళ్ళకి సర్కారు ఆ పని తన చేతుల్లోకి తీసుకుని అట్ట మీద ఆ పేరు ఎత్తేసింది. యాభై ఏళ్ళ పైన అట్ట మీద పేరు లేదు. జనం నోటి మీద మాత్రం పోలేదు. చివరికి సర్కారే మళ్ళీ ఆ పేరు వేసుకుంది.

"ఇప్పుడు ఇంగ్లండులో, కెనడాలో, ఆస్ట్రేలియాలో, ఎక్కడైనా సరే, ఒక మంత్రి లేచి 'నేనలా అనలేదు' అన్నాడనుకో, అవతలివాడు 'హాన్సర్డ్ తీసి చూడు' అంటాడు. అలా అనేవాళ్ళలో చాలామందికి అదొక అచ్చుపనివాడి ఇంటిపేరని కూడా తెలీదు. వాళ్ళకది మామూలు మాట. మనం చిట్టా అన్నట్టు, రికార్డు అన్నట్టు."

"మా కిల్లో ఇంటిపేరు మండలంలో సగం మందికుంది సార్. అది దేనికీ పేరవ్వనేదు."

"అవుతుందేమోలే. కాని ఒక పద్ధతి నేర్చుకో. దగ్గులూ నీళ్ళూ అక్కర్లేదు. ఒకరు అన్న మాటే మళ్ళీ మళ్ళీ వస్తే ఒక్కసారి రాస్తే చాలు. అర్థానికి అక్కరకొచ్చేది మాత్రం ఒక్కటీ వదలకూడదు. హాన్సర్డ్ అంటే అదీ."

స్వర్ణకి ఆ పద్ధతి నచ్చింది. ఇంటికొచ్చి నోట్‌బుక్ మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాసుకుంది: "తిరిగి తిరిగి అన్న మాటలు తీసివేయబడినవి. అర్థానికి అక్కరకొచ్చే మాట ఒక్కటీ వదలలేదు." కింద సంతకం పెట్టింది. ధర్మ ఈ కథ జీపులో నలుగురికీ చెప్పాడు. దాంతో ఆ కొండల్లో ఆమె పేరు హాన్సర్డ్ స్వర్ణ అయింది. నోరు తిరగనివాళ్ళు ఆన్సర్ స్వర్ణ అన్నారు. పరీక్షలో ఆన్సర్లు రాసినట్టు రాస్తుంది కాబట్టి అలా పిలుస్తారని పిల్లలు అనుకున్నారు.

ఆ శీతాకాలం ఊరి పైన గుట్టల మీద ఒక డ్రోను తిరిగింది. పసుపు టోపీలవాళ్ళు వచ్చి బండరాళ్ళ మీద ఎర్ర రంగుతో అంకెలు వేసి వెళ్ళారు. పైన ఒక చెరువు, కింద వాగు దగ్గర ఒక చెరువు కట్టి, నీళ్ళు ఎక్కించీ దింపీ కరెంటు తీస్తారని తర్వాత తెలిసింది. ఎర్ర అంకెల్లో ఒకటి స్వర్ణ మరిది ఫల్గుణ కాఫీ తోటలో పడింది. ఫల్గుణ ధర్మకి తమ్ముడు, ఇరవై ఎనిమిదేళ్ళవాడు. ఆ తోటలో మొక్కలన్నీ వాడు భుజాన నీళ్ళు మోసి బతికించినవి.

గ్రామసభ పెట్టారు. జగదీష్ వచ్చాడు. అతనితో కంపెనీ మనిషి రామారావు కూడా వచ్చాడు. తెల్లచొక్కా, నెమ్మదైన మాట. "ఇది ఒట్టి సర్వేనేనండి, దీనికే భయపడితే ఎలా" అని కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. రాకకి గుర్తుగా జగదీష్ ముందే అందరి వేలిముద్రలూ, సంతకాలూ తీసుకున్నాడు. ఆ రోజు నలభై ఒక్కమంది మాట్లాడారు. స్వర్ణ క్యాలెండరు కాగితాలు చాలక కాఫీ మొక్కల కరపత్రం వెనక కూడా రాసింది.

సోంబరు తాత లేచి, "ఆనకట్ట కట్టినప్పుడు మా బామ్మర్ది ఊరు నీళ్ళల్లో ఉండిపోనాది. ఈళ్ళ మిషను పైకి రాకూడదు. రోడ్డుకి అడ్డంగా కూకుందాం, అంతే" అన్నాడు.

తర్వాత ఫల్గుణ లేచాడు. "మిషను ఎక్కించి సూడండి. పెట్రోలు పోసి కాల్సీడమే."

రామారావు ఫోను మీంచి తల ఎత్తి వాడి ముఖం చూశాడు. ఆ చూపుకే సభ ఒక్కసారి చప్పబడిపోయింది. ఫల్గుణ తల్లి సుకిరి లేచింది. ఆమె ఎప్పుడూ సభలో నోరెత్తే మనిషి కాదు. "కాల్సడాలేటిరా? కాల్సకు. తాత సెప్పినాడు గదా, అడ్డంగా కూకుంటే సాలు. కూకుంటే సాలు, ఇన్నావా? కూకుంటే సాలు." ఫల్గుణ ఆమెకేసి చూసి, "సరే అమ్మా, కూకుంటాను" అని గొణిగి కూలబడ్డాడు.

మర్నాడు పొద్దున్న మంచు ఇంకా విడవలేదు. స్వర్ణ వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. నోట్‌బుక్‌లోకి ఎక్కిస్తూ అత్త మాటల దగ్గర ఆగింది. అడ్డంగా కూర్చోవడం సోంబరు తాత అప్పటికే అన్నాడు. అత్త మూడుసార్లు అన్నదీ అదే. తిరిగి అన్న మాట. వదిలేసింది. అది వదిలేశాక ఫల్గుణ "సరే" ఒంటరిగా నిలబడలేదు. అదీ పోయింది. పేజీ పొందికగా వచ్చిందని కూడా అనుకుంది. అలా ఫల్గుణ మాట కింద, వరసగా, నలభయ్యో మనిషి మాట వచ్చింది. గిలికిన కాగితాలను ఎప్పట్లాగే ఉండచుట్టి పొయ్యి రాజేసింది.

దొండ్రపుట్టు ఒప్పుకుందన్న సంగతి దొండ్రపుట్టుకి నాలుగు నెలల తర్వాత తెలిసింది. జీపెక్కిన ఎవరో ధర్మకి ఫోనులో ఒక ఫోటో చూపించారు. జగదీష్ చేతిరాత. "ప్రాజెక్టు విషయమును కూలంకషముగా చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించడమైనది." కింద రాకకి వేసిన వేలిముద్రలూ, సంతకాలూ. అందులో సుకిరిది ఉంది, సోంబరు తాతది ఉంది, ఫల్గుణ సంతకం ఉంది.

రెండు రోజులకి లారీ మీద డ్రిల్లింగ్ మిషను వచ్చింది. ఊరంతా రోడ్డు మీద కూర్చుంది. డ్రైవరు గంటసేపు హారన్ కొట్టి, కింద మలుపులో మిషను దింపి, టార్పాలిన్ కప్పి వెళ్ళిపోయాడు. మూడు రోజులు అది అలాగే ఉంది. నాలుగో నాడు తెల్లవారేసరికి మలుపులోంచి నల్లటి పొగ లేస్తోంది. టైర్ల కంపు ఊరిదాకా వచ్చింది. ఎవరు కాల్చారో ఆ రోజు తెలీలేదు, ఈ రోజుకీ తెలీదు. ఊళ్ళో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ ఎవరినీ అడగలేదు.

పోలీసులు వచ్చి మగవాళ్ళ పేర్లు రాసుకున్నారు. ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. అలా వెళ్ళిపోవడమే ఎక్కువ భయపెట్టింది. అటు తర్వాత రోజుకొకసారి జీపు మలుపుదాకా వచ్చి, ఇంజను ఆపకుండా కాసేపు నిలబడి, తిరిగిపోయేది. కుక్కలు కూడా దాన్ని చూసి అరవడం మానేశాయి.

తాము ఒప్పుకోలేదని ఊరు పెట్టిన అర్జీ మీద పాడేరులో విచారణ పెట్టారు. సాక్ష్యం ఏముందని అడిగారు. ఉన్నది ఒక్కటే, స్వర్ణ పుస్తకం.

ఆ సాయంత్రం ధర్మ పుస్తకం తీసి, ఆ పేజీ దగ్గర వేలు పెట్టి కూర్చున్నాడు.

"ఈ పేజీ ఒక్కటీ సింపీ."

"సింపితే దానికి జతగా అటేపున్న పేజీ కూడా ఊడొచ్చేత్తాది. అందులో పదకొండు మంది మాటలున్నాయి. పేజీ నేదని సూసినోడికి తెలిసిపోద్ది. మరింక ఏ పేజీ నమ్ముతారు?"

"ఆడు నా తమ్ముడే స్వర్ణా."

"నాకు మాత్రం కాడా?"

మర్నాడు ఆమె అరకు వెళ్ళింది. లక్ష్మీప్రసాద్ వరండాలో కూర్చుని ఎండ కాగుతున్నాడు. అంతా విన్నాడు.

"మా దగ్గరికీ వచ్చేవారు" అన్నాడు. "నిన్న ఏదో నోరు జారాను, ఆ ముక్క తీసెయ్యండి అని. మా చేతుల్లో ఉండేది కాదు. స్పీకరు చెబితేనే తీసేవాళ్ళం. తీసిన చోట చుక్కలు పెట్టేవాళ్ళం. చుక్కలు చూసిన ప్రతివాడూ అక్కడేముందా అనే ఆలోచించేవాడు. అసలు మాట కన్నా చుక్కలకే భయపడేవారు." ఆమె తెచ్చిన పుస్తకంలో ఆ పేజీ చూసి, "ఆ మాట తర్వాత ఎవరూ ఏమీ అనలేదా?" అని అడిగాడు.

అప్పుడు చెప్పింది. అత్త లేవడం, ఫల్గుణ సరే అనడం, తను వాటిని తిరిగి అన్న మాటల్లో కలిపి తీసెయ్యడం.

"ఆ పద్ధతి చెప్పింది నేనే" అన్నాడు ఆయన. "మా హాలులో ఒకరు తప్పితే ఇంకొకరు ఉండేవాళ్ళం, అయిదు నిమిషాలకొకరు చొప్పున మారేవాళ్ళం. పైన చూసేవాళ్ళుండేవారు. నువ్వు ఒక్కదానివి. అది నాకు తట్టలేదు."

"ఇప్పుడు ఆ మాట రాయొచ్చా సార్, పక్కన?"

"రాయకూడదు. ఇప్పుడు రాస్తే ఈ రోజు తారీకు వేసి, ఈ రోజు రాశానని రాయాలి. దాన్ని ఎవరూ నమ్మరు." లేవబోయిన ఆమెను ఆపాడు. "హాన్సర్డ్ సంగతి ఒకటి నీకు చెప్పలేదు. అతను జైలుకెళ్ళాడు. వేరొకడు రాసినదాన్ని అచ్చేశాడని మూడు నెలలు వేశారు. రాసినవాడికి ఎక్కువే పడిందనుకో. కాని అచ్చేసినవాణ్ణి కూడా వదల్లేదు. పేరు గురించి చెబుతున్నప్పుడు అది చెప్పాలనిపించలేదు నాకు."

స్వర్ణ తిరుగుజీపులో వెనక సీట్లో కూర్చుని, సంచిని రెండు చేతులా ఒళ్ళో అదిమి పట్టుకుంది.

ఊరికి రాగానే నేరుగా ఫల్గుణ తోటకి వెళ్ళింది. వాడు మిరియాల నిచ్చెన మీదున్నాడు. సుకిరి కింద గోనె పరిచి గింజలు ఏరుతోంది. స్వర్ణ పుస్తకం తీసింది.

"సదువు వదినా. నానేటన్నానో ఇంటాను" అన్నాడు ఫల్గుణ, కిందికి దిగకుండానే.

చదివింది. "పెట్రోలు పోసి కాల్చేయడమే."

"అన్నాను. తరవాత?"

స్వర్ణ పేజీలోకే చూస్తూ నిలబడింది. "తరవాత రాయనేదు."

సుకిరి గింజలు ఏరడం ఆపింది. "నానేటన్నానో రాయనేదా?"

"తాత మాటే నువ్వన్నావని..."

"ఆ మాట తాత సభకి సెప్పేడు, నాను నా కొడుక్కి సెప్పేను" అంది సుకిరి. ఆమె గొంతులో కోపం లేదు. అర్థం కాని విషయాన్ని అడిగినట్టుంది. "రెండూ ఒకటేటి?"

ఫల్గుణ నిచ్చెన దిగి, తుండుతో చేతులు తుడుచుకున్నాడు. ఎర్ర అంకె వేసిన బండ మీద కూర్చున్నాడు.

"నాను కాల్సనేదు వదినా."

"తెలుసు."

"ఊరు వద్దన్నాదని ఇంకెక్కడైనా రాసుందా?"

"నేదు."

"అయితే ఇచ్చీ." ఆమె ముఖం చూడకుండా అన్నాడు. ఆమె ఇంకా ఏదో అనబోతుంటే లేచి, నిచ్చెన భుజాన వేసుకుని అవతలి చెట్ల వరసలోకి వెళ్ళిపోయాడు.

పాడేరు విచారణలో అధికారి పెద్ద వయసు మనిషి కాదు. ఓపిగ్గానే ఉన్నాడు. జగదీష్ తీర్మానం ఒక పక్క, స్వర్ణ పుస్తకం ఒక పక్క పెట్టుకుని చదివాడు. నలభై మంది పేర్లు, ఒక్కొక్కరి మాట. కొందరిని లేపి, ఇది మీరన్నదేనా అని అడిగాడు. అన్నదే అన్నారు. జగదీష్ని అడిగితే, "ఫార్మాటులో ఉన్నది రాశాను సార్" అన్నాడు. అతని చొక్కా వీపున తడిసిపోయింది. స్వర్ణకి ఒక్క క్షణం గుండె తేలికైంది.

గోడ పక్కన కూర్చున్న ఎస్సై లేచి, "ఆ పుస్తకం ఒకసారి చూడొచ్చా సార్?" అన్నాడు.

తొందరేమీ లేనట్టు పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగాడు. ఫోను తీసి ఫోటో కొట్టుకున్నాడు. మళ్ళీ వెనక్కి తిప్పి, మొదటి పేజీని కూడా ఫోటో తీశాడు.

స్వర్ణ లేచింది. "సార్, ఆ మాట తరవాత మా అత్త వద్దన్నాది. మా మరిది సరే అన్నాడు. అది నాను రాయనేదు. తప్పు నాది."

"మీ పేరేంటి?" అన్నాడు ఎస్సై.

"కిల్లో స్వర్ణ."

"ఇక్కడ మీ సంతకమే కదా? 'అర్థానికి అక్కరకొచ్చే మాట ఒక్కటీ వదలలేదు.' మీరు రాసిందే కదమ్మా?"

"నానే రాసేను."

"మరి ఇందులో ఉన్నదంతా నిజమని ఇందాకటిదాకా చెప్పారు. ఇప్పుడు ఇదొక్కటీ సగం అంటున్నారు." అతని గొంతులో గద్దింపు లేదు. "ఏది రాసుకోమంటారు?"

విచారణాధికారి పుస్తకం తన దగ్గరే ఉంచుకుని, ముట్టినట్టు రసీదు రాయించి ఇచ్చాడు. ఆమె చెప్పింది కూడా రాయించానన్నాడు. రాయించాడో లేదో ఆమె చూడలేదు.

ఆ వారమే, శుక్రవారం సంతలో, అల్లం బస్తా దించుతుండగా ఫల్గుణని పట్టుకెళ్ళారు. ఇద్దరు మామూలు దుస్తుల్లో వచ్చి చెరో భుజం మీద చెయ్యేశారట. స్నేహితులనుకున్నారు పక్కవాళ్ళు. బస్తా అక్కడే ఉండిపోయింది. వాణ్ణి విశాఖ జైలుకి పంపారు. బెయిలు రావడానికి అరవై ఏడు రోజులు పట్టింది. ఈలోగా ధర్మ భార్యతో మాట్లాడటం మానలేదు, కాని ఏది మాట్లాడినా పొయ్యికేసో గోడకేసో చూసి మాట్లాడేవాడు. సుకిరి ఒక్కసారి కూడా కోడల్ని తప్పుపట్టలేదు. రోజూ పొద్దున్నే తోటకి వెళ్ళి, కొడుకు వదిలిన వరస నుంచి మిరియాలు కోసేది. తనకి నిచ్చెన ఎక్కడం చేతకాదు. చేతికందినంత కోసేది.

ఫల్గుణ జైల్లో ఉండగానే ఉత్తర్వు వచ్చింది. పాత తీర్మానం చెల్లదు. గ్రామసభ మళ్ళీ పెట్టి, అందరి అభిప్రాయం తీసుకోవాలి. అర్జీలో ఊరు అడిగింది అదే. కాగితం చదివి వినిపించినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఫల్గుణ చిక్కిపోయి తిరిగొచ్చాడు. వదినని చూసి, "బాగున్నావా?" అన్నాడు, అంతే. లోపల ఏం జరిగిందో తల్లికి కూడా చెప్పలేదు. ఎర్ర అంకె ఉన్న బండవైపు తోట పని మానేశాడు. ఎవరైనా పిలిస్తే వెంటనే పలకడు, ముందు ఎవరు పిలిచారో చూసుకుంటాడు.

మళ్ళీ పెట్టిన సభకి పాడేరు నుంచి వేరే అధికారి వచ్చాడు. స్టాండు మీద వీడియో కెమెరా పెట్టారు. మలుపు దగ్గర రెండు జీపులు ఆగి ఉన్నాయి. రామారావు ఈసారి కుర్చీలో కూర్చోలేదు, వెనక చింతచెట్టు నీడలో నిలబడ్డాడు. స్వర్ణ కొత్త నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దాని మొదటి పేజీ మీద ఏమీ రాయలేదు.

"చెప్పండి, ఎవరు ముందు మాట్లాడతారు?" అన్నాడు అధికారి.

ఎవరూ లేవలేదు. స్వర్ణ తలెత్తింది. ఊరు ఊరంతా ఆమె చేతికేసి చూస్తోంది. చేతికేసి కూడా కాదు, కలంకేసి. సోంబరు తాత కర్రని రెండు చేతులా పట్టుకుని నేల చూస్తున్నాడు. ఒకాయన లేవబోతే, ఆయన భార్య పంచె పట్టి లాగి కూర్చోబెట్టింది. ఒక మాట స్వర్ణ చేతిలో పడితే అది ఎక్కడిదాకా పోతుందో అందరూ చూశారు.

నిమిషాలు గడిచాయి. కెమెరా మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

"ఎవరూ మాట్లాడకపోతే, అభ్యంతరం లేదని రాసుకోవాల్సి వస్తుంది" అన్నాడు అధికారి. బెదిరించినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు. చింతచెట్టు కింద రామారావు చేతులు కట్టుకున్నాడు.

స్వర్ణ పక్కనే కూర్చున్న అంగన్‌వాడీ టీచరు బేబి ఒళ్ళో నోట్‌బుక్ పెట్టింది. కలం చేతికిచ్చింది.

"నానా? నాకేటి తెలుసక్కా?" అని బేబి గుసగుసగా అంది. "దగ్గితే రాయాలా?"

"అన్నీ రాయి. ఏదీ తియ్యకు."

స్వర్ణ లేచి నిలబడింది. మూడేళ్ళలో ఆ సభలో అందరి మాటలూ రాసింది కాని, తను మాట్లాడటం అదే మొదలు. ఒడియాలో మొదలుపెట్టి, అధికారికి అర్థం కాదని తట్టి తెలుగులోకి మారింది.

"నా పేరు కిల్లో స్వర్ణ. నాకు ఎకరం పావు కాఫీ ఉంది. ఈ ప్రాజెక్టు నాకు వద్దు. నాను ఏదీ కాల్సను, ఎవల్నీ కాల్సమని సెప్పను. రోడ్డుకి అడ్డంగా కూకుంటాను. మా అత్త కిందటి సభలో సెప్పిన మాట అదే. అది నాను రాయనేదు. ఇప్పుడు సెప్తన్నాను, రాసుకోండి."

సుకిరి లేచింది. కొడుక్కేసి చూడకుండా, "నాకూ వద్దు" అంది. తర్వాత సోంబరు తాత లేచాడు. ఒక్కొక్కరు లేవడానికి చాలా సమయం పట్టింది. కిందటిసారి నలభై ఒక్కమంది మాట్లాడితే ఈసారి ఇరవై ముగ్గురు మాట్లాడారు. అందరూ పొట్టి పొట్టి మాటలే చెప్పారు. జోకుల్లేవు, తిట్లు లేవు, ఎవరూ ఎవరికీ అడ్డుపడలేదు. ఫల్గుణ చివరిదాకా వెనక వరసలో కూర్చుని లేచి వెళ్ళిపోయాడు. వాడి వంతు వచ్చినప్పుడు ఎవరూ వాడి వంక చూడలేదు.

సభ అయ్యాక బేబి పుస్తకం తిరిగిచ్చింది. గుండ్రటి పెద్ద పెద్ద అక్షరాలు. పేర్ల వరసలో అన్నిటికంటే పైన స్వర్ణ పేరు ఉంది. చింతచెట్టు కింద రామారావు తన ఫోనులో ఏదో టైపు చేస్తూ, ఒకసారి ఆగి, పక్కనున్న మనిషిని ఆమె ఇంటిపేరు అడిగాడు. అతను చెప్పాడు. రామారావు మళ్ళీ టైపు చేశాడు.

ఈ సభ మీద ఉత్తర్వు ఇంకా రాలేదు. పాత పుస్తకం ఇంకా పాడేరులోనే ఉంది. రసీదు పట్టుకుని రెండుసార్లు వెళ్ళింది, అది ఇప్పుడు కోర్టుది అన్నారు. ఫల్గుణ కేసు వాయిదాల మీద ఉంది. తను సాక్షిగా రావాలని స్వర్ణకి సమను వచ్చింది. పోలీసుల తరఫున. ఆమె సంతకం ఉన్న పుస్తకం కాబట్టి.

ధర్మ ఆమెను ఇప్పుడు సంతకి ఒంటరిగా పంపడు. తన జీపులో ముందు సీట్లోనే కూర్చోబెట్టుకుంటాడు. పోయిన సోమవారం ఆమె నీళ్ళకి వెళ్ళి వస్తుంటే, పెరటి కంచె అవతల సర్వేవాళ్ళు పాతేలాంటి కొత్త ఇనప మేకు కనిపించింది. తలకి ఎర్ర గుడ్డ పీలిక కట్టి ఉంది. ముందురోజు అది అక్కడ లేదు. అలాంటివి కిందిదాకా ఇంకో ఆరు, మలుపు వైపు వరసగా ఉన్నాయి. ఏ ఇంటివాళ్ళూ ఎవరినీ చూడలేదన్నారు. స్వర్ణ బిందె దించి, మేకు దగ్గర నుంచి తమ గుమ్మానికి అడుగులు వేసుకుంటూ వచ్చింది. ఎనిమిది అడుగులు. ధర్మని కేకేసి, ఫోటో తియ్యడానికి ఫోను పట్టుకురమ్మంది.